పాసింజర్ బండిలో నాకో పేరు పెట్టారు

మా ఇంట్లో నా గురించి ఒక మాట ఉంది, "దానికి నోట్లో నాలుక లేదు" అని. ఆ మాట ఏ రోజు పుట్టిందో కూడా నాకు గుర్తుంది. నాకప్పుడు ఆరేళ్లో ఏడేళ్లో. నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని విజయనగరం సిరిమానోత్సవానికి తీసుకెళ్లాడు. మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ తెలియనివాళ్ల కోసం: విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ పండగ. పొడవాటి చింతమాను చివర పూజారి కూర్చుంటే, ఆ మానుని గుడి దగ్గర నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. జనం అరటిపళ్లు విసురుతుంటారు, మేడల మీద, గోడల మీద, చెట్ల మీద, ఎక్కడ చూసినా మనుషులే. ఆ జనంలో మూడు లాంతర్ల దగ్గర నేను తప్పిపోయాను.

బూరలమ్మే ఒకావిడ నన్ను పట్టుకుని పోలీసాయన దగ్గర నిలబెట్టింది. ఆయన వంగి, మంచిగానే అడిగాడు. "నీ పేరేటమ్మా? మీ నాన్న పేరేటి?" నాకు రెండూ తెలుసు. ఊరి పేరు తెలుసు, మా వీధిలో ఎవరింటి పక్కన ఎవరుంటారో కూడా తెలుసు. నోరు మాత్రం తెరుచుకోలేదు. గంటసేపు అలాగే బూరల కర్ర పట్టుకుని నిలబడ్డాను, చివరికి నా పసుపు గౌను చూసి నాన్నే గుర్తుపట్టాడు. ఆ రాత్రి ఇంట్లో అందరికీ కథ చెప్పి, చివర్లో ఆ మాట అన్నాడు. ప్రేమగానే అన్నాడు. కానీ ఇరవై ఏళ్లపాటు అది నా ఇంటిపేరు అయిపోయింది.

ఒక మనిషికి నాలుక లేదని ఇంట్లోవాళ్లు తేల్చుకున్నాక ఏమవుతుందో తెలుసా? మీ బదులు వాళ్లే మాట్లాడటం మొదలుపెడతారు. చుట్టాలింట్లో టీ ఇస్తే "అది తాగదులెండి" అని అమ్మ అంటుంది. నాకు తాగాలనే ఉంటుంది. బట్టల కొట్లో "దానికి ముదురు రంగులు నచ్చవు" అని అక్క అంటుంది. నచ్చుతాయి. కాదని చెప్పాలంటే అంతమంది ముందు నోరు విప్పాలి, విప్పితే "ఓలమ్మా, మాటలొచ్చాయే దీనికి!" అని అందరూ నవ్వుతారు, ఆ నవ్వు కన్నా టీ లేకపోవడమే నయం. అలా అలవాటైపోయింది.

హైదరాబాద్ ఉద్యోగానికి వెళ్లాక ఇంకో ముడి పడింది. మొదటి వారంలోనే ఎవరో ఏదో అడిగితే "ఏటి?" అన్నాను. అంతే. పక్క సీటు అబ్బాయి సినిమాల్లో కామెడీవాళ్లు మాట్లాడే శ్రీకాకుళం యాసలో ఓ డైలాగు కొట్టాడు, చుట్టూ నవ్వులు. "ప్లీజ్, ఇంకోసారి అనవా" అని అడిగారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, నాతో కలిసి భోంచేసినవాళ్లే. కానీ ఆ రోజు నుంచి నోరు తెరిచే ముందు నా బుర్రలో ఒక ఆఫీసు నడిచేది: మా ఊరి మాటని ముందు టీవీ తెలుగులోకి మార్చాలి, దాన్ని ఇంగ్లీషులోకి మార్చాలి, అందులో తప్పుందేమో చూసుకోవాలి, ఇవన్నీ అయ్యేసరికి మీటింగులో వాళ్లు రెండు విషయాలు దాటిపోయేవాళ్లు. నా అప్రైజల్‌లో ప్రతి ఏడాదీ ఒకటే వాక్యం, ఇంకాస్త మాట్లాడాలి అని. ఎలా మాట్లాడాలో మాత్రం ఎవరూ రాయలేదు.

2020లో అందరితోపాటు నేనూ ఇంటికొచ్చేశాను. మా ఊరు చీపురుపల్లి దగ్గర. వర్క్ ఫ్రమ్ హోమ్ అలాగే సాగింది. రెండేళ్ల తర్వాత ఒక ఆదివారం, నాన్న పుట్టినరోజుకి పొందూరు ఖద్దరు పంచె కొందామని ఒక్కదాన్నే విశాఖ నుంచి పలాస వెళ్లే పాసింజర్ ఎక్కాను. చీపురుపల్లి నుంచి పొందూరు ఎంత దూరం, మధ్యలో ఒకటో రెండో చిన్న స్టేషన్లు, అంతే. ఇంట్లో కూడా పెద్దగా ఎవరూ అడ్డు చెప్పలేదు.

పొందూరులో బండి ఆగింది. తలుపు దగ్గర ఇద్దరు మగవాళ్లు పెద్ద పెద్ద మూటలు పెట్టుకుని, వాటి మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నేను వాళ్ల వెనక నిలబడ్డాను. "కాస్త జరగండి" అనాలి. రెండే రెండు మాటలు. గొంతు దాకా వచ్చాయి. వాళ్లే చూసి జరుగుతారులే అనుకున్నాను. చూడలేదు. బండి కదిలిపోయింది.

ఇది చదివి మీరు నవ్వుకుంటే నవ్వుకోండి, నేను మాత్రం ఆ తలుపు దగ్గర నిలబడి ఏడుపు ఆపుకున్నాను. "కాస్త జరగండి" అనలేక స్టేషన్ దాటేసిన మనిషిని నేను.

తిరిగొచ్చి ఒక సీట్లో కూర్చున్నాను. దూసి వచ్చింది, వెళ్లిపోయింది. నాగావళి వంతెన మీద బండి చప్పుడు మారింది. ఆమదాలవలసలో దిగిపోవచ్చు, వెనక్కి బస్సు కూడా దొరుకుతుంది. కానీ ఆమదాలవలసలో ఎక్కే జనం తోపులాటలో (స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, శ్రీకాకుళం వెళ్లేవాళ్లంతా అక్కడే దిగాలి ఎక్కాలి) మళ్లీ తలుపు దాకా వెళ్లే ధైర్యం లేకపోయింది. టిక్కెట్టు చూస్తే పొందూరు దాకానే. టెన్షన్ మొదలైంది. అప్పుడే నా ఎదురు సీట్లోకి ఒక పిన్ని వచ్చి కూర్చుంది. యాభై దాటి ఉంటాయి. సంచీ ఒళ్లో పెట్టుకుని, చెంగుతో మొహం తుడుచుకుని, నన్ను చూసి అడిగింది.

"ఎంతవరకమ్మా?"

పాసింజర్ బండిలో అన్ని తలుపులకీ ఈ ఒక్క తాళంచెవే. రిజర్వేషన్ బోగీల్లో ఎవరి ఫోను వాళ్లది, ఇక్కడ మాత్రం ఎవరైనా ఎవరినైనా ఎంతవరకని అడగొచ్చు, ఆ తర్వాత ఏదైనా అడగొచ్చు. పొందూరు దాటిపోయిందని చెబితే పిన్ని "అయ్యో, ఎందుకు దిగలేదు" అంటుంది. దానికేం చెప్పాలి? అందుకని "పలాస" అన్నాను.

"ఎవులింటికి?"

"ఎవరింటికీ కాదు పిన్నీ. పనుంది."

"ఏటి పని?"

పలాస అనగానే ఎవరికైనా ఏం గుర్తొస్తుంది? నాకూ అదే వచ్చింది. "జీడిపప్పు కొనడానికి. కొత్తగా వ్యాపారం మొదలుపెడుతున్నా. హైదరాబాద్‌లో అమ్ముతాను."

అబద్ధం ఇంత నున్నగా నా నోట్లోంచి వస్తుందని నాకే తెలియదు. పైగా అందులో ఏదో హాయి. ఈ వ్యాపారం చేసే అమ్మాయికి నోట్లో నాలుకుంది. ఆ అమ్మాయి ఒంటరిగా తిరుగుతుంది, బేరాలాడుతుంది. హైదరాబాద్‌లో ఆన్‌లైన్ ఆర్డర్ల గురించి, డబ్బాల మీద వేసే బొమ్మ గురించి పిన్నికి ఓ పది నిమిషాలు చెప్పాను. నా జీవితంలో ఒక కొత్త మనిషితో ఆపకుండా పది నిమిషాలు మాట్లాడటం అదే మొదటిసారి. మాట్లాడుతూనే గమనించాను, నా బుర్రలో ఆఫీసు మూతపడింది. మా ఊరి మాటే, ఏ మార్పూ లేకుండా, నేరుగా వచ్చేస్తోంది.

పిన్ని అంతా విని, తలూపి, "ఏ నెంబరు కొంటావు?" అంది.

జీడిపప్పుకి నంబర్లుంటాయని నాకు తెలియదు. "ఏ నంబర్లున్నాయి పిన్నీ మీ దగ్గర?" అన్నాను, నిజం వ్యాపారిలాగే.

"నూటెనబై, రెండొందల పది, రెండొందల నలబై, మూడొందలిరవై..."

"నూటెనభై తీసుకుంటాను. కొత్త కదా, ముందు తక్కువ రేటుదానితో మొదలుపెడదామని."

పిన్ని ఒక్క క్షణం నన్ను అలా చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పక్కనున్న ముసలాయన్ని తట్టి "ఇన్నావా మావా, నూటెనబై తక్కువ రేటంట!" అని మళ్లీ నవ్వింది, ఆయనా నవ్వాడు, ఆయనకి ఎందుకో అర్థమైందో లేదో మరి. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, అప్పుడు చెప్పింది. ఒక పౌనుకి, అంటే 453 గ్రాములకి, ఎన్ని గుండ్లు తూగుతాయన్నదే ఆ నంబరు. నూట ఎనభై తూగితే నూటెనభై, మూడొందల ఇరవై తూగితే మూడొందలిరవై. అంటే నంబరు చిన్నదయ్యేకొద్దీ పప్పు పెద్దది, రేటు ఎక్కువ. నేను అడిగిందే అన్నిటికన్నా ఖరీదైన రకం. పిన్ని పాతికేళ్లుగా కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీల్లో పని చేస్తోంది. మొదట్లో పిక్కలు కొట్టేది, ఇప్పుడు పొర తీసి ఏరే పని. చేతులు చూపించింది. వేళ్ల కొసలు నల్లగా, చర్మం మందంగా ఉంది. పిక్క పైతొక్కలో ఉండే జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, చేతికి ఏం రాసుకున్నా ఎంతోకొంత తగులుతూనే ఉంటుందట. మేం పాయసంలో వేసుకునే పప్పు వెనక ఆ వేళ్లున్నాయని నేను ఎప్పుడూ అనుకోలేదు.

"ఇప్పుడు సెప్పు తల్లీ" అంది పిన్ని. "నిజంగా ఎక్కడికెల్తన్నావు?"

చెప్పాను. పొందూరు, పంచె, తలుపు, మూటలు, అన్నీ. "కాస్త జరగండి" అనలేకపోయానని చెప్పేటప్పుడు గొంతు వణికింది. పిన్ని ఈసారి నవ్వలేదు. సంచీలోంచి ఉప్పు రాసి వేయించిన జీడిబద్దలు కాసిన్ని తీసి నా చేతిలో పోసి "తిను. ఇవి మూడొందలిరవై కూడా కావు, ఇరిగిన బద్దలు" అంది.

ఆ ప్రయాణం గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నాకు మాటలొచ్చింది అబద్ధం వల్ల కాదు, అబద్ధం అరగంటలో చిత్తయిపోయింది. ఆ బోగీలో ఎవరికీ నాకు నాలుక లేదన్న సంగతి తెలియదు, అంతే. మా ఇంట్లో నేను నోరు విప్పడం ఒక వింత, పిన్నికి అది మామూలు విషయం. బండెక్కిన మనిషి మాట్లాడక ఏం చేస్తుంది? పైగా నా పరువు మొత్తం నూటెనభై దగ్గరే పోయింది. ఇంకా పోవడానికేం మిగల్లేదు.

పలాసలో దిగాక, పక్క దారిన జారుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధమెందుకు. కానీ నేరుగా టిక్కెట్టు చూసే ఆయన దగ్గరికెళ్లి "పొందూరులో దిగాలండి, దిగలేకపోయాను" అన్నాను. ఆయన "నిద్రపోయారా?" అన్నాడు. అవునంటే సరిపోయేది. "లేదండి, తలుపు దగ్గరవాళ్లని జరగమని అడగలేకపోయాను" అన్నాను. ఆయన నా వైపు ఓసారి చూసి, ఏమీ అనకుండా 250 రూపాయల జరిమానా, దాని పైన చార్జీ కలిపి రసీదు రాసిచ్చాడు. ఆ రసీదు నా దగ్గర ఇంకా ఉంది. సిరిమాను రోజు పోలీసాయనకి చెప్పాల్సిన జవాబు ఇరవై ఏళ్లు ఆలస్యంగా ఇంకో యూనిఫాం ఆయనకి చెప్పినట్టనిపించింది.

ఇక ఆ తర్వాత ఆదివారాలు బండెక్కడం అలవాటైపోయింది. "పనేటి లేకుండా తిరుగుడేటి?" అని అమ్మ గొణిగేది. ఆడపిల్ల పని లేకుండా రైలెక్కడం మా ఊళ్లో ఎవరికీ మింగుడుపడదు, అందుకని ఏదో ఒక పని తగిలించుకునేదాన్ని: అరసవల్లిలో మొక్కు, మందసలో కోవా, శ్రీకూర్మం దర్శనం. నిజానికి గుళ్లలో గడిపింది తక్కువ, దారిలో గడిపింది ఎక్కువ.

దారిలో కలిసినవాళ్లలో నౌపడాలో ఎక్కిన ఒక చేపల వేటగాణ్ని మాత్రం చెప్పాలి. కిటికీలోంచి ఉప్పు మడులు తెల్లగా మెరుస్తున్నాయి, ఆయన ఫోన్లో ఎవరితోనో గట్టిగా గుజరాతీలో మాట్లాడుతున్నాడు. మా తీరం నుంచి ఏటా ఎంతోమంది గుజరాత్‌లోని వెరావల్‌కి బోట్ల మీద పనికి వెళతారు. 2018 నవంబరులో అలా వెళ్లిన మన మత్స్యకారులు పాకిస్తాన్ వాళ్లకి చిక్కి, 2020 జనవరి దాకా కరాచీ జైల్లో ఉండిపోయారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఈయన వాళ్లలో లేడు గానీ ఆ రేవు ఆయనకి ఇంటి కన్నా ఎక్కువ తెలుసు. గుజరాతీ ఎలా నేర్చుకున్నారని అడిగాను. "నేర్సుకోడమేటమ్మా? బువ్వ అడగాలి కదా, అడిగాను" అన్నాడు. మొదటి రోజు ఏదో అడగబోయి ఇంకేదో అన్నాడట, బోటు మొత్తం నవ్విందట, ఆయనా నవ్వాడట, తర్వాత అన్నం పెట్టారట. ఆ కథ చెప్పి ఆయన హాయిగా బీడీ కట్ట సర్దుకున్నాడు. నేను మాత్రం హైదరాబాద్‌లో "ఏటి" అన్నందుకు మూడేళ్లు మూగదాన్నయిపోయిన సంగతి తలుచుకుని కిటికీ వైపు తిరిగాను.

అందరూ ఇలాంటివాళ్లే తగులుతారని అనుకోకండి. ఒకాయన కోటబొమ్మాళి నుంచి మొదలుపెట్టి, పెళ్లయిందా, ఎందుకు కాలేదు, జీతమెంత, ఒక్కదానివే ఎందుకు తిరుగుతున్నావు, ఫోన్ నంబరు ఇవ్వు, మా వాడున్నాడు అని వదల్లేదు. పాత నేనైతే నవ్వుతూ తలూపుతూ కూర్చుని ఇంటికెళ్లి దిండులో మొహం పెట్టుకుని తిట్టుకునేదాన్ని. ఆ రోజు "నాకు మీతో మాట్లాడాలని లేదండి" అన్నాను. గొంతు అంత గట్టిగా వస్తుందని అనుకోలేదు, అటు సీటువాళ్లు కూడా తిరిగి చూశారు. ఆయన మొహం ముడుచుకుని పేపరు తీశాడు. గుండె దడదడలాడుతూనే ఉంది. అయినా అటు సీట్లో ఉన్న ఒకావిడ నాకోసం కాస్త జరిగి చోటిచ్చింది, నేనేమీ అడగకుండానే. నేను ఇప్పటిదాకా మాట్లాడిన వాక్యాల్లో నాకు బాగా నచ్చింది అదే అనుకుంటా.

గుణుపూర్ బండి సంగతి వేరు. అదింకో లోకం. నౌపడా దగ్గర పెద్ద లైను వదిలేసి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా ఒడిశాలోని గుణుపూర్ దాకా వెళుతుంది. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు దారి అది, తర్వాత గుణుపూర్ దాకా పెంచారు, ఇప్పుడు పెద్ద పట్టాలు. పాతవాళ్లు చిన్న రైలు కబుర్లు ఇంకా చెబుతారు, ఎక్కడ పడితే అక్కడ దిగి మళ్లీ పరిగెత్తి ఎక్కేవాళ్లమని. కొంత కోతలే అనుకోండి.

ఆ బండిలో పాతపట్నం దాటేసరికి ఎవరేం మాట్లాడుతున్నారో చెప్పడం కష్టం. తెలుగులో మొదలైన వాక్యం ఒడియాలో ముగుస్తుంది. నా పక్కన సవర తెగ మామ్మ ఒకావిడ కూర్చుంది, చింతపండు బుట్టతో. ఆవిడకి తెలుగు కొంచెం, నాకు సవర సున్నా. ఆవిడ నా చెవిపోగులు ముట్టుకుని ఏదో అడిగింది, నేను ధర చెప్పాను, ఆవిడ అడిగింది ధర కాదు, ఎవరు పెట్టారని. అది తేలడానికి రెండు స్టేషన్లు పట్టింది. మధ్యలో ఒడియా అబ్బాయి ఒకడు అనువాదం చేస్తానని వచ్చి ఇంకా గందరగోళం చేశాడు. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ బోగీలో ఎవరి భాషా సరిగ్గా లేదు, ఎవరూ దాని గురించి బాధపడటం లేదు, చింతపండు మాత్రం అమ్ముడైపోయింది.

పర్లాకిమిడి స్టేషన్‌లో బండి ఆగినప్పుడు గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొచ్చారు. ఆయన ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పారు, ఇక్కడే సవర నేర్చుకుని ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. పుట్టింది 1863 ఆగస్టు 29న, మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో. జనం మాట్లాడే భాషలోనే రాయాలి, చదువు చెప్పాలి అని జీవితమంతా పోట్లాడిన మనిషి. అందుకే ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నాం. నేను చదివిన బడిలో ఒక ఏడు ఆ రోజే వ్యాసం పోటీ పెట్టారు. నా వ్యాసంలో "బేగి" అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి పైన "త్వరగా" అని దిద్దారు. గిడుగు వారి పుట్టినరోజున! అప్పుడు సిగ్గుపడ్డాను. గుణుపూర్ బండిలో అది తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే సవర మామ్మ మోచేత్తో పొడిచి ఏమైందన్నట్టు కళ్లెగరేసింది. ఎలా చెప్పను? "బేగి" అన్నాను. ఆవిడకి ఆ మాట తెలుసు. బండి బేగి వెళ్లాలంటున్నాననుకుని, అవునవునని తలూపింది.

వాడుక భాష కోసం అంత పోరాడిన మనిషి పుట్టిన జిల్లా మాటే సినిమాల్లో నవ్వులాటకి వాడుకునేదైపోయింది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. రాజ్యం మారితే "ఏటి" సరైనదీ, "ఏమిటి" కామెడీ అయ్యుండేవేమో. సరే, వదిలేద్దాం, దీని గురించి మొదలుపెడితే నేను ఆపను, ఈ మధ్య నాకు ఆ జబ్బు కూడా వచ్చింది.

ఇంతా చదివి, ఇప్పుడు ఆఫీసులో మైకు పట్టుకుని ప్రసంగాలిస్తున్నానేమో అనుకుంటారు. లేదు. మీటింగుల్లో ఇప్పటికీ నా గుండె కొట్టుకుంటుంది. కాకపోతే పోయిన నెల ఒక కాల్‌లో మా మేనేజరు చెప్పిన తేదీ కుదరదని నాకు తెలుసు, అందరికీ తెలుసు, ఎవరూ అనటం లేదు. నా బుర్రలో ఆఫీసు తలుపు తీసుకుని తర్జుమా మొదలుపెట్టబోయింది. అది మొదలయ్యేలోపే "అదెలగవుతాదండి, టెస్టింగ్‌కే రెండు వారాలు పడుతుంది కదా" అన్నాను. "ఎలగవుతాది" అని వినబడగానే ఎవరో మ్యూట్ తీసి నవ్వారు, నాకు వినబడింది. నేను ఆపకుండా మిగతాది కూడా చెప్పేశాను. తేదీ జరిగింది, పది రోజులు. నవ్విన మనిషి తర్వాత చాట్‌లో థాంక్స్ పెట్టాడు, వాడి పని కూడా అందులోనే ఇరుక్కుంది మరి.

ఇంట్లో మాత్రం ఇంకా నాకు నాలుక లేదు. మొన్న అత్తయ్య టీ తెస్తే అమ్మ అలవాటుగా "అది తాగదు" అంది. "తాగుతాను" అన్నాను. గది నిశ్శబ్దమైపోయింది. అత్తయ్య అమ్మని చూసింది, అమ్మ నన్ను చూసింది. "ఎప్పటినుంచి?" అంది అమ్మ. "ఎప్పటినుంచో" అన్నాను. టీ చల్లారిపోయింది, పంచదార ఎక్కువ, అయినా మొత్తం తాగాను.

పొందూరు కూడా చివరికి దిగాను. రెండో ఆదివారమే. ఆ వీధిలో ఒక ఇంటి అరుగు మీద ఒకావిడ వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వుతోంది, ఆ సన్నటి పళ్ల మధ్య నుంచి చెత్త, గింజ నలుసులు రాలిపోయి దూది పోగులు మెత్తగా సాగి వస్తాయి. ఇనప దువ్వెన పెట్టొచ్చు కదా అని అడిగాను. "ఇనప్పళ్లు కోసేత్తాయి, ఇవి సర్దుతాయి" అంది తలెత్తకుండా. నేను అడిగినదానికి అంతకన్నా మంచి జవాబు ఏ మీటింగులోనూ వినలేదు. పంచె కొన్నాను. నాన్న కట్టుకుని అద్దంలో చూసుకుని, "ఎవరు బేరమాడారు?" అన్నాడు. నేనే అంటే నమ్మలేదు.

జీడి పిన్నితో మాత్రం ఇంకా ఫోన్లు నడుస్తున్నాయి. ఆవిడ రాయదు, వాయిస్ మెసేజ్‌లు పెడుతుంది, వెనకాల ఫ్యాక్టరీ చప్పుడు, ఎవరో నవ్వుతుంటారు. నా పేరు ఆవిడకి తెలుసు, ఫోన్లో సేవ్ కూడా చేయించుకుంది, కానీ ఒక్కసారి కూడా ఆ పేరుతో పిలవలేదు. నిన్న రాత్రి వచ్చింది ఇది:

"ఒలే నూటెనబయ్యీ, ఈ ఆదివారం వత్తావా రావా సెప్పు. పనసపిక్కలు దాసుంచాను. మా కోడలు నిన్ను సూడాలంటంది, నీ యాపారం కథ ఇన్నాది. ఈసారైనా దిగాల్సిన స్టేషన్లో దిగు."

వాయిస్‌లోనే జవాబిచ్చాను. తిరిగి వినలేదు, సరిచూసుకోలేదు, పంపేశాను. "వత్తాను పిన్నీ, బేగి వత్తాను. పిక్కలు మీ కోడలికి పెట్టేయకు."